రాయకుంటే ఒప్పుకున్నట్టే

మాట ఏడ చెప్తె చెప్పినట్టు? పదేండ్ల పైన నౌకరి చేసి కూడ గీ సంగతి నాకు సమజ్ కాలే. నవ్వకుర్రి, నిజంగనే అడుగుతున్న.

రాష్ట్రమొచ్చిన ఏడు నేను చిట్యాలల ఒక పాల కంపెనీల సూపర్‌వైజర్‌గ చేరిన. ఊర్లల్ల పాలు పట్టే సెంటర్లు తిరుగుడు, పాలు మంచిగ వస్తున్నయా లేవా చూసుడు, కొలత కాడ లొల్లయితె సర్దిచెప్పుడు, గదే నా పని. అప్పుడు ఆఫీసు మొత్తానికి ఒక్కటే కంప్యూటరు, ఒక్కటే ఈమెయిలు. పాస్‌వర్డు కాయితం మీద రాసి గోడకు అతికిచ్చిండ్రు. హైదరాబాద్ నుంచి మెయిల్ వస్తె మా మేనేజరు దాన్ని ప్రింటు తీపిచ్చి, కింద పెన్నుతోని జవాబు రాస్తుండె. ఆ జవాబును మేం మళ్ళ టైపు కొట్టి పంపుతుంటిమి. కాయితం ఫైల్ల కట్టేసినంకనే పని అయినట్టు. ఎడ్డి పనే, నేను కాదంటలేను. కని ఏ మాట ఏడున్నదో అటెండరుకు సుత ఎరుకుండె.

తర్వాత అందరి చేతులల్లకు పెద్ద ఫోన్లు వచ్చినయి, గ్రూపులు షురువైనయి. ఆఫీసు గ్రూపు ఒకటి, వ్యాన్ల గ్రూపు ఒకటి, సెంటర్లోళ్ళ గ్రూపు ఒకటి, పెద్దసార్లు లేకుంట మేం మాట్లాడుకునేది ఇంకోటి. పొద్దుగాల తెరిస్తె పువ్వుల బొమ్మలు, దేవుని బొమ్మలు. వాటి నడుమ ఏడనో 'ఇయ్యాల వ్యాను ఆలస్యం' అని ఉంటది. అది దొరికేలోపల వ్యానే వచ్చి పోతుండె. మెయిల్ దిక్కు చూసుడు అందరు బంద్ పెట్టిండ్రు. సిమెంటు ఫ్యాక్టరీల చేసే మా తోడల్లుడు కూడ గదే చెప్పె, విత్తనాల కంపెనీల ఉన్న దోస్తు కూడ గదే చెప్పె. అందరి కథ గట్లనే ఉన్నదని నేను జర నిమ్మలమైన.

గంతట్ల యాపు వచ్చింది. భువనగిరిల మా ప్రాంతం ఆఫీసు ఉంటది. మమ్ముల అందర్ని ఆడికి పిలిచి, బిర్యానీ పెట్టి, చీకటి హాల్ల కూసోబెట్టిండ్రు. ఆ యాపు అమ్మెటాయన తెర మీద మీదికి పోయే గీతలు చూపెట్టిండు. దేశమంతా కంపెనీలు మెయిల్ ఇడిసిపెట్టి గిటే మళ్ళుతున్నయట, ఇగ అన్ని ముచ్చట్లు ఒక్క జాగలనే ఉంటయట. చప్పట్లు కొట్టినం. తీరా ఫోన్ల ఎక్కిచ్చినంక చూస్తె దాంట్ల మాటలకొక గది, ప్రకటనలకొక గది, అనుమతులకొక గది, దాంట్లనే మళ్ళ మెయిలు! పాత గ్రూపులు పోయినయా అంటె అవి కూడ ఉన్నయి. ఒక్క జాగ అన్నడు, నాకైతె ఏ ముచ్చట ఏడ వెతకాల్నో పాలుపోలే.

మా ప్రాంతం సారు సంగతి ఇంకో పరేషాన్. నాకంటె పదేండ్లు చిన్నోడు. ఎదురుంగ కనిపిస్తె "అన్నా, తిన్నవా" అంటడు, భుజం మీద చెయ్యేస్తడు. గ్రూపుల దండం బొమ్మ పెడ్తడు. యాపుల మాత్రం 'సిబ్బందికి తెలియజేయునది' అని పోలీసోని లెక్క మొదలుపెడ్తడు. ఒక్క మనిషే ముగ్గురు లెక్క మాట్లాడుతుంటె నేను ఏ మనిషికి జవాబు చెప్పాలె?

పోయిన ఎండకాలం ఆ యాపుల ఒక లిస్టు పడ్డది. పాలు తక్కువైన సెంటర్లు మూసి పక్క ఊరి సెంటర్లల్ల కలుపుతరట. దాంట్ల కేతేపల్లి సెంటరు ఉన్నది. అభ్యంతరం ఉన్నోళ్ళు శుక్రవారం మాపటిలోపల కింద రాయాలె, రాయకుంటే ఒప్పుకున్నట్టే అని చివర్ల పెట్టిండ్రు. నేను చదివిన. చదవలేదని అబద్ధం ఎందుకు ఆడాలె?

కేతేపల్లిల ఆ సెంటరు నడిపేది మా చెల్లె. తోడబుట్టింది కాదు, పిలుపుకు చెల్లె. ఇంటి ముందర్రల పాలు కొలిచే మిషను పెట్టుకోని ఏడేండ్ల సంది ఒక్క పూట నాగా లేకుంట పాలు పట్టింది. జ్వరమొచ్చిన దినం కూడ ముక్కుకు గుడ్డ కట్టుకోని కొలిచింది. ఆమెకు అంకెలు తప్ప సదువు రాదు. ముప్పై ఇండ్లోళ్ళు పాలు తెస్తరు, అందుల సగం మంది కూలికి పోయేటోళ్ళు, ఒక్క బర్రె ఉన్నోళ్ళు. సెంటరు మూస్తె వాళ్ళు పెద్ద రోడ్డు దాటి పక్కూరికి పోవాలె. రెండు లీటర్లకు ఎవ్వడు పోతడు? బర్రెనే అమ్ముకుంటరు. వానలు పడి బర్లు ఈనితె పాలు మళ్ళ వస్తయి, గది ఎవనికి తెల్వదు?

రాయొచ్చు గద అంటరు మీరు. అరవై మంది చూసే కాడ సారు పెట్టిన లిస్టు కింద 'ఇది తప్పు' అని ఎట్ల రాయాలె? మా దిక్కు గట్ల అలవాటు లేదు. పెద్ద కుర్చీల ఉన్నోని మాట కాదనాల్నంటె పోయి, పక్కన కూసోని, నిమ్మలంగ చెప్తం. నలుగుట్ల అంటె ఆయన ఇజ్జత్ తీసినట్టయితది, మన పని చెడుతది. గందుకే గడువుకు ఒక దినం ముందుగాల, బేస్తారం నాడు బస్సెక్కి వలిగొండ మీదికెల్లి భువనగిరి పోయిన. సారు మంచిగ కూసోబెట్టిండు. చాయ్ తెప్పిచ్చిండు. నేను బర్ల సంగతి, రోడ్డు సంగతి, చెల్లె సంగతి అన్ని చెప్పిన. "నిజమే అన్నా, నేను చూసుకుంట" అన్నడు. ఇంకేం కావాలె! సంబురంగ ఇల్లు చేరిన.

తెల్లారి చెల్లె ఫోన్ చేసింది. ఇంకో పాల కంపెనోళ్ళు మిషను ఏసుకోని వచ్చి ఆమె ఇంట్ల కూసున్నరట. "మీ సెంటరు మూస్తున్నరటగా, మా బోర్డు పెట్టుకో" అంటున్నరట.

"ఏమనాలె అన్నా?" అని అడిగింది.

"సారుతోని నేనే మాట్లాడిన. నీ సెంటరు ఏడికి పోదు. ఫికర్ చెయ్యకు, వాళ్ళను పంపియ్యి" అన్న. అనుకుంట ఛాతి గూడ జర పొంగిచ్చిన, ఇప్పుడు సిగ్గయితాంది.

సోమారం పొద్దుగాల యాపుల మూసేసిన సెంటర్ల లిస్టు వచ్చింది. కేతేపల్లి అట్లనే ఉన్నది. అద్దాలు తుడుచుకోని మళ్ళ చదివిన. సారుకు ఫోన్ కొట్టిన.

"అన్నా, నువ్వు యాపుల రాయలేదు గదా?" అన్నడు.

"మీ ఎదురుంగ కూసోని చెప్పిన గద సార్! చాయ్ తాగుకుంట చెప్పిన!"

"చెప్పినవ్ అన్నా, నేను కాదంటనా? రాస్తవు కూడ అనుకున్న. శుక్రవారం మాపటికి యాపు దానంతటదే ఒప్పుకున్నట్టు పెట్టుకున్నది. ఇగ నా చేతుల లేదు."

"మరి ఎవరి చేతుల ఉంది సార్?"

హైదరాబాదోళ్ళన్నడు, కాదు యాపోళ్ళన్నడు. ఆయనకు కూడ తెల్వదని అప్పుడు నాకు సమజైంది. ఆఖరికి "హైదరాబాదుకు మెయిల్ పెట్టు" అన్నడు. మెయిలా! మీరే చంపిండ్రు గదయ్య మెయిల్‌ను అని నోటి దాంక వచ్చింది, మింగిన. కూసోని ఒక్కొక్క అక్షరం ఏరుకుంట పెద్ద ఉత్తరం రాసి పంపిన. గుటక మింగేలోపల జవాబు వచ్చింది. ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరాలు ఎవరూ చదవరట, సంప్రదించినందుకు కృతజ్ఞతలట. ఓరి మీ కృతజ్ఞతలు బంగారం గాను! ఫోన్ తీసి మంచం మీద ఇసిరికొట్టిన. నేల మీద కొట్టే ధైర్యం లేదు.

తప్పు ఎవరిదో నాకు తెలుస్తలేదు. సారు అబద్ధం చెప్పలే. యాపు కూడ చెప్పకుంట ఏం చెయ్యలే, ముందుగాలనే రాసి పెట్టింది. నేను కూడ పనిదొంగను కాదు, నా పైసలు పెట్టుకోని భువనగిరి దాంక పోయిన. మరి చెల్లె సెంటరు ఎట్ల పోయింది?

ఫోన్ల చెప్పబుద్ధి కాలే. పగటాల్ల బస్సెక్కి కేతేపల్లి పోయిన. ఆమె క్యాన్లు కడిగి బోర్లిస్తాంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంట నవ్వుకుంట వచ్చింది.

"మంచిగొచ్చినవు అన్నా. పొద్దుగాల ఆఫీసు నుంచి ఏదో వచ్చింది. రేటు పెంచిండ్రా ఏంది, జర చూసి చెప్పు. నేనైతె దండం పెట్టిన" అని ఫోన్ నా చేతుల పెట్టింది.

సెంటరు మూసేసిన కాయితమే అది. కింద ఆమె పెట్టిన దండం బొమ్మ ఉన్నది. వచ్చిన ప్రతిదానికి ఆమె గట్లనే దండం పెడ్తది, పెద్దోళ్ళు ఏదన్న అంటె పలకకుంట ఉండొద్దని. నేను ఆ కాయితం చదివిన. మొదలు మెల్లగ చదివిన, నడుమ ఆపి మళ్ళ చదివిన. ఆమె గడప మీద కూసున్నది.

"నువ్వు చెప్పినంకనే గద అన్నా ఆ కంపెనోళ్ళను పొమ్మన్న" అన్నది. "వాళ్ళు ఆ మిషను తీస్కపోయి పక్కూర్ల పెట్టిండ్రు."

తిడితె బాగుండు అనిపిచ్చింది. తిట్టలే. "తప్పు నీదా, ఆఫీసోళ్ళదా?" అని అడిగింది. తెల్వదు చెల్లె అన్న. ఆమె నా మొఖం దిక్కే చూసి, "నాకైతె సదువు రాదు, నీకు గూడ తెల్వదా?" అన్నది. ఆ మాటకు నా తలకాయ భూమిలకు పోయినట్టయింది.

అయిదు కొట్టంగ పాలోళ్ళు రావట్టిండ్రు. చెల్లె మిషను దగ్గరికి పోలే. "నేను చెప్పలేను, నువ్వే చెప్పు. నోటితోనే చెప్పు" అన్నది. నేను వాకిట్లకు పోయి నిలబడ్డ. అందరికంటె ముందుగాల ఒక అవ్వ, స్టీలు గిన్నె మీద మూత పెట్టుకోని వచ్చింది. ఇయ్యాలటితోని సెంటరు బంద్ అవ్వా అని చెప్పిన. అవ్వ తల ఊపింది, మొత్తం ఇన్నది.

"సరే బిడ్డా, మరి రేపటికెల్లి పాలు ఏడ పొయ్యాలె?" అన్నది.

గిన్నె పట్టుకోని జవాబు కోసం అట్లనే నిలబడ్డది. పెద్ద రోడ్డు దాటి పక్కూరికి పో అని ఈ అవ్వకు ఏ నోటితోని చెప్పాలె? ఆమె ఎన్క ఇంకో పదిమంది గిన్నెలు పట్టుకోని నా నోటి దిక్కే చూస్తున్నరు.