లెక్కలోంచి కొట్టేసిన ఎనిమిదో గెలాక్సీ

నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. ఉత్తరాలు రాశాను, రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు తిరిగి వచ్చింది, జవాబు రాలేదు.

కిరండూల్‌లో ఇనుప ఖనిజం నింపిన వ్యాగన్లు తూచే కాటా దగ్గర పనిచేశాను. ఏదైనా వ్యాగన్ మిగతావాటికన్నా మరీ ఎక్కువ బరువు చూపిస్తే, ఆ అంకె కొట్టేసే హక్కు మాకు లేదు. బండిని వెనక్కి తోయించి మళ్ళీ తూచాలి. డ్రైవర్లు తిట్టేవారు. పడేవాణ్ణి.

ఒక ఆదివారం మా కాలనీ హాల్లో, కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన గెలాక్సీల గురించి మాట్లాడాడు. మన గెలాక్సీలో కంటికి కనిపించని పదార్థం ఎంతుందో, చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీలను బట్టి అంచనా కట్టవచ్చట. అవి అంత దూరాన, అంత వేగంతో పోతూ కూడా జారిపోవడం లేదంటే, పట్టి ఉంచే బరువు అంత ఉన్నట్టే. బోర్డు మీద ఎనిమిదింటి దూరాలు, వేగాలు రాశాడు. అన్నిటికన్నా దూరంగా, వేగంగా ఉన్నదాన్ని సుద్దముక్కతో కొట్టేశాడు.

లేచి ఎందుకని అడిగాను.

"అది దారిన పోయేదండీ. మనది కాదు."

ఎలా తెలిసిందన్నాను.

"అంత వేగాన్ని ఆపే బరువు మన గెలాక్సీకి లేదు కదా."

"ఆ బరువెంతో తేల్చడానికే కదండీ ఈ లెక్క?"

ఆయన గడియారం చూసుకున్నాడు. మా పై అధికారి మైకు అందుకుని, "మా కాటాబాబు గెలాక్సీని కూడా వెనక్కి తోయిస్తాడండీ" అన్నాడు. హాలంతా నవ్వింది. ప్రొఫెసరూ నవ్వాడు. అప్పటినుంచి సంతలో కూడా నేను గెలాక్సీ బాబునే.

ఇంటికొచ్చి రెండు విధాలా లెక్క వేశాను. ఎనిమిదోదాన్ని కలిపితే బరువు ఎంతో పెరిగింది. మనవైపు వచ్చే వేగమో, దూరమయ్యే వేగమో తప్ప పక్కకు పోయే వేగం అంత సులువుగా తెలియదని స్కూల్లో సైన్సు చెప్పే మా బావమరిది అన్నాడు. ఒప్పుకున్నాను. ఆ ఇబ్బంది ఎనిమిదింటికీ ఉంది, ఒక్కదాన్నే కొట్టెయ్యడానికి అది కారణం కాదు.

"వదిలెయ్ గురూ, అదేటి, మన బతుకేటి?" అన్నాడు పక్క క్వార్టర్ శ్రీకాకుళం ఆయన. వదిలేసేవాణ్ణేమో. కానీ ఆ సంవత్సరమే ప్రొఫెసర్ ఒక పత్రికలో ఏడింటితో వచ్చిన అంకెనే ఖాయం చేసి రాశాడు. ఎనిమిదోదాని ఊసే లేదు. అప్పటినుంచే ఆయనకూ, ఆ పత్రికకూ ఈ ఉత్తరాలు.

అయ్యా, ఆ గెలాక్సీ మనదా, కాదా? మీ జవాబునే సాక్ష్యంగా చూపించకుండా చెప్పండి. తెలియకపోతే తెలియదనే రాయండి. కానీ రాయండి.