అమ్మ ఆదరణ కూడికలో నేను చేసిన ప్రార్థన

నా చిన్నప్పుడు తిరువూరులో, మా పేటలో ఎవరింట్లో మనిషి పోయినా కొద్దిరోజులకు ఆదరణ కూడిక పెట్టేవారు. పేరుకు ఆదరణే గాని, ఆదరించే పని పోగొట్టుకున్నవాళ్ళ మీదే పడేది. ఇంటివాళ్ళలో ఒకరు లేచి, జరిగినదానికి దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలి. అది విన్నాక వచ్చినవాళ్ళ మనసు కుదుటపడి భోజనాలకు లేచేవారు.

మా అమ్మ రెడ్డిగూడెం వైపు మామిడికాయలు కోయడానికి కూలికి వెళ్ళి వడదెబ్బ తిని వచ్చింది. మంచం చుట్టూ మోకరించి అందరం ప్రార్థన చేశాం. నేనైతే అన్నం కూడా మానేశాను. అయినా అమ్మ పోయింది.

కూడికలో ప్రార్థన చేసే వంతు నాకు వేశారు. చిన్నపిల్ల చేస్తే అందరి గుండె కరుగుతుందని మా పెద్దమ్మ ఆలోచన. మహోన్నతుడవైన తండ్రీ అని మొదలుపెట్టి, మా అమ్మను నీ సన్నిధికి పిలుచుకున్నందుకు స్తోత్రం అని ముగించేలా నాచేత వల్లె వేయించింది. అప్పగించినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. ఆమె మాత్రం మెచ్చుకుని బుగ్గ గిల్లేది.

ఆ రోజు లేచి కళ్ళు మూసుకుని, "మహోన్నతుడవైన తండ్రీ" అన్నాను. అక్కడే ఆగిపోయాను. మరిచిపోయాననుకుని పెద్దమ్మ వెనక నుంచి అందించింది. పాస్టరు అయ్యగారు కూడా, "స్తోత్రం చెప్పమ్మా" అన్నారు.

అప్పుడు మా అమ్మమ్మ, కూతుర్ని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, కూర్చున్నచోటి నుంచే అంది: "దాన్నొదిలేయండి అయ్యగారూ. మనుషుల దగ్గర ఎటూ అబద్ధాలాడతాం, ఆయన దగ్గర కూడానా? నీ కడుపులో ఏముందో అదే చెప్పవే తల్లీ. ఆయనకి తెలియంది కాదుగా."

"మా అమ్మనెందుకు చంపావు? నేను అన్నం కూడా మానేశాను గదా. నువ్వంటే నాకు కోపం" అన్నాను. అలవాటు కొద్దీ, "యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ" అని కూడా అన్నాను.

ఆమెన్ అని అమ్మమ్మ ఒక్కతే గట్టిగా అంది. వండిన అన్నం సగం మిగిలిపోయింది.

ఆ తర్వాత చర్చిలో మా పక్కన కూర్చోవడానికి జనం జంకేవారు. పసిపిల్లచేత దేవుణ్ణి తిట్టించిందని అమ్మమ్మకు పేరు పడింది. ఆమె మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ఎందుకని అడిగితే, "అలిగామని వెళ్ళడం మానేస్తే ఇంకెవర్ని అడుగుతామే" అనేది.

ఇప్పుడు నేను ఆనాటి అమ్మమ్మ కన్నా పెద్దదాన్ని. అడిగినదానికి జవాబు రాలేదు, కోపమూ పోలేదు. మోకరించిన ప్రతిసారీ ముందు అదే చెప్పుకుంటాను. మా ఆయనతో నాకు ఒంట్లో బాగానే ఉందని చెప్పాను, పిల్లలతో నాకు ఆకలి లేదని చెప్పాను, అయ్యగారు అడిగితే నెమ్మదిగానే ఉన్నానన్నాను. ఇన్నేళ్ళలో నేను అబద్ధమాడనిది ఆ దేవుడొక్కడితోనే.