మామ నైట్రోజన్ డబ్బాలో నా చీమలు

మొన్న మా మేనమామ మనవరాలికి చెవులు కుట్టించే వేడుకకని తొర్రూరు వెళ్లినప్పుడు, మెట్ల కింద చెప్పులు విడిచే చోట సొట్టలు పడ్డ పాత అల్యూమినియం డబ్బా ఒకటి కనిపించింది. దాని మెడ మీదుగా గండుచీమలు బారు కట్టి లోపలికి పోతున్నాయి. లోపలినుంచి భోజనాలకు రమ్మని పిలుస్తున్నా వినిపించుకోకుండా, పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అక్కడే గొంతుక్కూర్చున్నాను. అరవై దాటినదాన్ని, మోకాళ్లు కూడా మొర పెట్టాయి, అయినా చప్పట్లు కొట్టాలనిపించింది. ఒకప్పుడు నా చదువంతా ఆ డబ్బాలోనే ఉంది మరి!

మన కాలంలో ఆడపిల్ల డిగ్రీ దాటడమే గొప్పని నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. హనుమకొండలో జువాలజీ లెక్చరరుగా పనిచేస్తూ, పిల్లలిద్దరూ కాస్త ఎదిగాక, నలభై మూడో ఏట నేను పిహెచ్‌డీలో చేరాను, అదీ చీమల మీద. మా అత్తగారు పంచదార డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టుకునే మనిషి. ఈ చదువు చీమలు పోవడానికా, రావడానికా అని ఆవిడ అడిగింది. నాకు కోపమైతే వచ్చింది.

అసలు సంగతేమిటంటే, పుట్టలో పనిచేసే చీమలన్నీ ఒక్క రాణి కన్న ఆడబిడ్డలే. వయసులో చిన్నవి లోపలే ఉండి పసిపిల్లల్ని సాకుతాయి, వయసు మళ్లినవి బయటికి పోయి తిండి తెస్తాయి. మనం ముసలివాళ్లను ఇంటిపట్టున ఉండమంటాం, చీమలేమో ముసలివాళ్లనే ఎండలోకి తోలుతాయి! జన్యువులు మాత్రం అక్కచెల్లెళ్లందరికీ దాదాపు అవే. ఇంట్లో గిన్నెలు ఎన్ని ఉన్నా ఈ పూట పొయ్యి మీదికి ఏవి ఎక్కాయన్నదే తేడా, ఆ పొయ్యి మీది కబురు చెప్పేది ఆర్‌ఎన్‌ఏ. చీమ తలలోంచి దాన్ని తీసి సీక్వెన్సింగు యంత్రంతో చదివిస్తే ఏ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో తెలుస్తుంది. పుట్టలోంచి చిన్న చీమలన్నిటినీ తీసేస్తే, బయట తిరిగే పెద్దవి మళ్లీ లోపలికొచ్చి పిల్లల్ని సాకడం మొదలుపెడతాయి. అప్పుడు వాటి జన్యువులు కూడా వెనకటి తీరుకు వస్తాయా? ఈ ఒక్క ప్రశ్న నాకు అన్నం సహించనివ్వలేదు.

చిక్కల్లా ఆర్‌ఎన్‌ఏతోనే, దానంత సున్నితమైనది ఇంకోటి లేదు. చీమను పట్టిన క్షణంలోనే గడ్డకట్టించాలి, ల్యాబుకు చేరేదాకా కరగనివ్వకూడదు, ఒక్కసారి కరిగిందంటే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకు ద్రవ నైట్రోజన్ కావాలి. మా గైడు గారిని అడిగితే "చూద్దామమ్మా" అన్నారు, ఆ మాటకు అర్థమేమిటో మన తరానికి తెలిసిందే. అప్పుడు గుర్తొచ్చాడు మా మేనమామ. ఎదకొచ్చిన బర్రెలకు కృత్రిమ గర్భధారణ చేయడానికి, మేలుజాతి దున్నల వీర్యాన్ని నైట్రోజన్ డబ్బాలో పెట్టి, బండికి కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. సంకోచిస్తూనే అడిగాను. మామ పడీపడీ నవ్వి, "దున్నపోతులు పండుకున్న కాడ చీమలకు జాగ లేదా బిడ్డా?" అన్నాడు.

మామ చేను గట్టు మీది పుట్టనే తవ్వుకొచ్చి, వాళ్ల వెనక గదిలో ప్లాస్టిక్ టబ్బులో పెట్టాం. బయట తిరిగే పెద్ద చీమల నడుం మీద మా అమ్మాయి ఎర్ర గోళ్లరంగుతో, అగ్గిపుల్ల చివర చెక్కి, ఒక్కో చుక్క పెట్టాను. పెట్టిన చుక్క పోతే మళ్లీ పెట్టడం, సెలవు దొరికితే చాలు తొర్రూరు బస్సెక్కడం, ఇలా నలభై రోజులు గడిచాయి. చిన్నవాటిని తీసేశాక, ఒకరోజు పొద్దున ఎర్రచుక్క చీమ ఒకటి పసిపిల్లను నోట కరుచుకుని తడి చోటికి మోస్తుంటే చూశాను. మామ భార్య, మా అత్తమ్మను పిలిచి చూపించి, ఇద్దరం ఎగిరినంత పని చేశాం. ఇంకొన్నాళ్లు ఆగి, ఒక సాయంత్రం ఆ చుక్కల చీమలన్నిటినీ గొట్టాల్లోకి తీసి, గుర్తుకు ఎర్ర దారం కట్టి, మామ డబ్బాలో దించాను. పొద్దున్నే డబ్బాతో సహా నన్ను వరంగల్‌లో దింపుతానన్నాడు మామ.

పొద్దున లేచి చూస్తే డబ్బా లేదు, బండి లేదు, మామ లేడు! ఎవరి బర్రెకో ఎద అని ఫోనొస్తే తెల్లారకముందే పోయాడట. ఆయన ఫోనేమో టీవీ పక్కన మోగుతోంది. నా ప్రాణం పోయినంత పనైంది, ఎందుకంటే డబ్బా మూత తెరిచినప్పుడల్లా నైట్రోజన్ ఆవిరై పోతుంది, పైగా తొందరలో నా గొట్టాలు బయటికి వచ్చాయంటే ఇక చెప్పేదేముంది? పుట్ట ఖాళీ అయిపోయింది, ఆ చీమలు మళ్లీ దొరకవు. జడైనా వేసుకోకుండా ఆటో ఎక్కాను. మొదటి ఊళ్లో "ఇప్పుడే పాయెనమ్మా" అన్నారు, రెండో ఊళ్లోనూ అదే మాట. మూడో ఊళ్లో ఒక కొట్టం ముందు మామ బండి కనిపించింది. మూత తీసిన డబ్బా చుట్టూ తెల్లటి పొగ, దాని మీదికి వంగి మామ. "మామా, నా చీమలు!" అని నేనరిచిన అరుపుకు బర్రె బెదిరి తాడు గుంజింది.

"ఏందే గట్ల ఒర్లుతానవ్? ఎర్ర దారం గట్టినవ్ గద, నాకు కండ్లు లేవా? నీయి ముట్టనే లేదు," అన్నాడు మామ, తన పని తాను చూసుకుంటూనే. ఆ పని ముగించి కట్టెపుల్ల లోపలికి దించి తీశాడు. పుల్లకు మంచు పట్టిన మేర, అంటే మిగిలిన నైట్రోజన్, నాలుగు వేళ్లే ఉంది. కొత్త నైట్రోజన్ మర్నాటికి గాని రాదు. ఇంకో రెండిళ్లలో బర్రెలు ఎదురుచూస్తున్నాయి, అందులో ఒకటి పక్కనే నిలబడ్డ ముసలవ్వది, ఆమెకున్నది ఆ ఒక్కటే. వెళ్దామని అడగడానికి నాకు మొహమేదీ? మామ పుల్లను చూశాడు, నన్ను చూశాడు, మూత బిగించాడు. "బర్రె ఇర్వై ఒక్క దినాలకు మళ్ల ఎదకొస్తది అవ్వా. గా చీమలు మళ్ల రావు," అన్నాడు. అవ్వ ఊరుకుంటుందా? చీమల కోసం నా బర్రెను ఆపుతావా అని నోటికొచ్చినట్టు తిట్టింది. నా కళ్లలో నీళ్లు చూసి కాబోలు, కాసేపటికి మెత్తబడి, "పో బిడ్డా పో, గా చీమలల్ల ఏమున్నదో సూసి నాకు గూడ జెప్పు," అంది.

బండి వెనక కూర్చుని, డబ్బాను మధ్యలో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని, వర్ధన్నపేట మీదుగా వరంగల్ దాకా వచ్చాను. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా మామ నన్ను కాదు, చీమల్ని అడిగేవాడు, బాగున్నారా అని! ల్యాబులో మూత తీస్తే అడుగున వేలెడు ద్రవం మిగిలి ఉంది. గొట్టాలు తెల్లగా గడ్డకట్టే ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను.

హైదరాబాదుకు పంపిన శాంపిళ్ల ఫలితాలు ఆరు నెలలకు వచ్చాయి. కంప్యూటరు తెర మీద, పోలికకని ముందే పంపిన ఇంటి చీమలు ఒక గుంపు, బయటి చీమలు ఒక గుంపు. నా ఎర్రచుక్క చీమలు ఇంటి గుంపు వైపు జరిగి ఉన్నాయి! డిపార్టుమెంటంతా వినపడేలా కేక వేశాను. తీరా దగ్గరగా చూస్తే, వాటిలో కొన్ని జన్యువులు మాత్రం వెనక్కి రాలేదు, బయట తిరిగిన నాటి తీరునే ఉండిపోయాయి. మిఠాయి పొట్లం తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆమె బర్రె ఆ తర్వాతి ఎదకే చూలు కట్టిందట. "ఇంటికొచ్చినా తిరిగిన కాలు ఊకుంటదా? గిది నన్నడిగినా చెప్దును," అని నవ్వింది.

ఇప్పుడు నా దగ్గర చదివిన అమ్మాయి చీమను ఏదో మందునీళ్లున్న సీసాలో వేసి, మూత బిగించి, కొరియర్లో పంపేస్తోంది. నైట్రోజన్ అక్కర్లేదు, బర్రెల వెంట ఉరకనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మంచిదే, ఆ పిల్ల సుఖపడాలి. కానీ తన చీమల కోసం తిట్లు తిన్న మనిషి ఆ పిల్లకు ఒక్కరూ లేరే అనిపిస్తుంది.

డబ్బా దగ్గర గొంతుక్కూర్చున్న నన్ను వెతుక్కుంటూ మామ వచ్చాడు. డెబ్బై అయిదేళ్లు దాటాయి, బండి మానేసి చాన్నాళ్లయింది, చంకలో మనవరాలు, భుజం మీద ఆ పిల్ల తువ్వాలు. చీమల బారును చూసి, "మళ్ల చీమలు వట్టేదుంటే జెప్పు బిడ్డా, డబ్బా నింపుకొస్త," అన్నాడు. అది ఎప్పుడో పాడైంది, నైట్రోజన్‌తో ఇక పనీ లేదు. "సరే మామా, తయారుగా ఉండు," అన్నాను.