ఒక్క గుంట ఆస్తి

భిక్షపతికి నల్లగొండలో ఒక కిరాయి గది, ఆ గదిలో ఒక గుంట, ఆ గుంటలో రెండు కాళ్లు. ముప్ఫై ఏళ్లుగా ఇదే అతని బతుకు. రామన్నపేట నుంచి భార్య రాజమణితో టౌనుకు వచ్చిన వారంలోనే గదిలోని మట్టినేలను మోకాళ్లు దిగేంత లోతున తవ్వి మగ్గం బిగించాడు. చేతులు పైన నేస్తుంటే కాళ్లు గుంటలో చెక్కలు తొక్కుతుంటాయి. గుంట లేకపోతే ఆ మగ్గం ఉత్త కట్టెల మోపు.

సర్కారు డబుల్ బెడ్రూం ఇండ్లకు దరఖాస్తులు పెట్టుకొమ్మనగానే టౌన్లో సగం మంది నిరుపేదలైపోయారు. మేడలున్నవాళ్లు సైతం చిరిగిన అంగీలు వెతుక్కున్నారు. భిక్షపతికి వెతుక్కునే పని పడలేదు, ఉన్నవే అవి. సర్వేకు వచ్చిన నాగేందర్ ఆస్తులేమున్నాయని అడిగితే, అబద్ధం చేతకాని మనిషి కనుక ఉన్నమాట చెప్పేశాడు.

"ఒక్క గుంట ఉన్నది సార్. గా గుంట మీదనే బతుకుతున్నం."

నాగేందర్ రైతుబిడ్డ. అతనికి తెలిసిన గుంట ఎకరంలో నలభయ్యో వంతు. సొంత భూమి ఒక గుంట అని శ్రద్ధగా రాసుకున్నాడు. టౌన్లో గుంట జాగా అంటే మాటలా! జాబితా గోడకెక్కిన రోజున భిక్షపతి పేరు అనర్హుల వరుసలో, "సొంత జాగా కలదు" అన్న గౌరవంతో వెలిగింది. నాకు తెలియకుండా ఎవరికోసం కొన్నావని రాజమణి నిలదీసింది.

నవ్వుకుని ఊరుకునే సంగతి కాదది. ఓనరు పాత గదులు కూలగొట్టి దుకాణాలు కడతానని అప్పటికే గడువు పెట్టాడు. ఈ ఇల్లు రాకపోతే ఇద్దరూ రోడ్డు మీదే.

భిక్షపతి ఆరు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి పెద్దసారు దయతలచి గదికి వచ్చాడు. గుంటలోకి తొంగిచూసి పడీపడీ నవ్వాడు. పాపం, మంచివాడే. అక్కడికక్కడే తప్పు దిద్ది, "నాకు గుంట లేదు" అని భిక్షపతి చేత రాయించుకున్నాడు. గుంట పక్కన నిలబడే భిక్షపతి సంతకం పెట్టాడు.

లాటరీలో ఇల్లు వచ్చింది. మూడో అంతస్తు.

రాజమణి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. రెండు గదులకీ నాలుగుసార్లు తిరిగింది, కుళాయి తిప్పి చూసింది. భిక్షపతి మాత్రం నున్నటి టైల్సును బొటనవేలితో తట్టి చూసి నీరుగారిపోయాడు. ఇక్కడ తవ్వితే తన కాళ్లు కిందింటి సైదమ్మ వంటింట్లో వేలాడతాయి. నేలమీద నిలబెట్టే మగ్గం పెడదామంటే ఆ గదిలో పట్టదు, పట్టినా ఆ చప్పుడుకి కిందివాళ్లు ఊరుకోరు.

మళ్లీ ఆఫీసుకు పరుగెత్తాడు. అన్నిటికన్నా కింది ఇల్లు ఇప్పించమని, గుంట తవ్వుకుంటానని బతిమాలాడు. కింది ఇళ్లు వికలాంగులకేనట. గుంట లేకుంటే తనకూ కాళ్లు లేనట్టేనని మొరపెట్టుకుంటే, దానికి డాక్టరు సర్టిఫికెట్ ఉందా అని పెద్దసారు జాలిగా అడిగాడు. ఆపైన ఫైలు తిరగేసి సంతకం చూపించాడు. గుంట లేదని రాసిచ్చిన మనిషికి ఇప్పుడు గుంట ఎందుకన్నది ఆయన సందేహం.

ఇల్లు వద్దని రాసిచ్చి ఇంకెక్కడైనా మట్టినేల గది వెతుక్కుందామా అని ఆ సాయంత్రం భార్యను అడిగాడు. ఆమె కోప్పడలేదు.

"ముప్ఫయేండ్లు నువ్వు గుంటల గూసున్నవ్, నేను కిరాయి ఇంట్ల గూసున్న. జర నా దిక్కు గూడ చూడు."

ఆమె నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క ఇల్లే. భిక్షపతికి సిగ్గేసింది. సిగ్గు వెనకే ఏడుపూ వచ్చింది కానీ, అది ఆమెకు కనబడనివ్వలేదు.

తాళంచెవులిచ్చే రోజున పెద్దసారు ఆఖరి కాగితం ముందేసుకుని, ఆస్తులేమన్నా ఉన్నాయా అని అందరినీ అడిగినట్టే అడిగాడు. లేవన్నాడు భిక్షపతి. పెద్దసారుకు పాత సంగతి గుర్తొచ్చి నవ్వాగలేదు.

"గుంట గూడ లేదా?"

"లేదు సార్. పొద్దుగాలనే పూడ్చొచ్చిన."

ఫైల్లో ఉన్నదీ మనిషి చెప్పిందీ ఒక్కటైనందుకు పెద్దసారు సంతోషించి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.