తరుగు ముందు

సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు లేని వీధిని వెతకాలంటే కాస్త కష్టపడాలి. ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పెళ్లాడి, ఇప్పుడు అరవైకి దగ్గర పడిన మనిషి పర్శరాములు. ఆయన బట్ట నేయడు, నేసేవాళ్లకు పడుగు పోసి ఇస్తాడు. వందల దారాలను వరుస తప్పకుండా పెద్ద డ్రమ్ము మీదికి, అక్కడి నుంచి ఇనుప భీముకు చుట్టే ఆ పనిని అక్కడ వార్పిన్ అంటారు. పడుగు ఎన్ని మీటర్లు పోయాలో లెక్క కట్టడం కూడా ఆయన పనే. తక్కువైతే సాంచా మధ్యలో ఆగుతుంది, ఎక్కువైతే నూలు దండగ. ఇన్నేళ్లలో ఈ రెండూ ఆయన చేతి మీదుగా జరగలేదని వీధి మొత్తం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్లు ఒకరిద్దరు ఉన్నారంటే, వాళ్లు కూడా వార్పిన్ పని చేసేవాళ్లే.

లెక్కలో ఆయనది వాళ్ల బాపు, అంటే తండ్రి, నేర్పిన పద్ధతి. నేతలో దారం కిందికీ మీదికీ వంగుతూ పోతుంది కనుక ఆరు మీటర్ల చీరకు ఆరు మీటర్ల పడుగు చాలదు. ఒక్కో చీరకు ఇంకో పావు మీటరు కావాలి, అదే తరుగు. మగ్గం తినే వాటాను ముందు తీసిపెట్టి తర్వాత మన చీర సంగతి చూసుకోవాలని, చేనేత రోజుల్లో ఆ పెద్దమనిషి చెప్పేవాడు. అన్నానికి కూర్చోగానే దేవుడి పేరున ఒక ముద్ద పక్కన పెట్టినట్టే ఇదీ. నోటిలెక్క పోయి ఫోన్ చేతికొచ్చాక కూడా పర్శరాములు ఆ మర్యాద తప్పలేదు. ముందు పావు మీటరు నొక్కుతాడు. దానికి చీర పొడవు కలుపుతాడు. ఎన్ని చీరలైతే అంతతో గుణిస్తాడు. అన్నీ అయ్యాక చివర ఒక్కసారి ఈక్వల్ నొక్కుతాడు. ఫోన్లో మిగతావి ఎవరివో గానీ, క్యాలిక్యులేటర్ మాత్రం ఆయనదే.

అలాంటిది ఒకరోజు పొద్దున కార్ఖానాలో ఫోన్ తీస్తే ఆ క్యాలిక్యులేటర్ మొహం మారిపోయి ఉంది. చదరపు మీటలు గుండ్రంగా అయ్యాయి. తుడిచే మీట ఉండాల్సిన చోట ఏదో బాణం గుర్తు వచ్చి కూర్చుంది. చుక్క ఒక మూలకు జరిగింది. మనం ఊళ్లో లేనప్పుడు వచ్చి వంటింటి డబ్బాలన్నీ తమకు తోచినట్టు సర్దిపోయే చుట్టాలుంటారే, ఈ ఫోన్లు తయారుచేసేవాళ్లది సరిగ్గా ఆ బుద్ధే. పర్శరాములు నాలుగు తిట్లు తిట్టుకుని, వెతుక్కుంటూ డెబ్బై చీరల లెక్క నొక్కాడు. నాలుగు వందల ఇరవైంపావు వచ్చింది. అంతే పోశాడు.

వారం తిరక్కుండా హనుమండ్లు వచ్చాడు. సొంతంగా ఎనిమిది సాంచాలున్న ఆసామి అతను, పర్శరాములు పోసిన భీములే వాడతాడు. ఇంకా మూడు చీరలు మిగిలుండగానే పడుగు అయిపోయిందన్నాడు. పర్శరాములు నవ్వేసి, నీ సాంచా నడిపేవాడే ఎక్కడో ముక్క కోసుకుని ఉంటాడు పో అని పంపించాడు. తర్వాతి భీము యాభై చీరలది, రెండు చీరలు తక్కువొచ్చింది. ఈసారి హనుమండ్లు వాదన పెట్టుకోలేదు. గొంతు తగ్గించి, "మామా, పానం మంచిగుంటలేదా?" అని అడిగాడు. కోపంగా అడిగి ఉంటే పర్శరాములు తిరిగి నాలుగు అనేవాడు. జాలిగా అడిగేసరికి తల వంచుకుని దారాలు సర్దుకున్నాడు.

ఆ రోజు అందరూ భోజనాలకు వెళ్లాక గోడ మీద సుద్దముక్కతో డెబ్బై చీరల లెక్క మళ్లీ వేశాడు. పది చీరలకు అరవై రెండున్నర. అలాంటివి ఏడు. నాలుగు వందల ముప్పై ఏడున్నర తేలింది. ఫోన్ నొక్కాడు, నాలుగు వందల ఇరవైంపావు. ఒక్కో అంకెనూ పైకి చదువుతూ, ఒక్కో మీటను చూసి చూసి నొక్కాడు. మళ్లీ అదే. పడుగు తక్కువ పడింది కాబట్టి సుద్దముక్క చెప్పిందే నిజమై ఉండాలి. కానీ యంత్రం అబద్ధం ఎందుకు చెప్తుంది? ఇన్నేళ్లుగా ఒక్కనాడు చెప్పలేదే. ఇక మిగిలింది ఒక్కటే. ఒకటి నొక్కుతున్నాననుకుంటూ తను ఇంకోటి నొక్కుతున్నాడు. కళ్లు ఒకటి చూస్తుంటే తలకాయ ఇంకోటి చూపిస్తోంది. అలా అనుకోగానే పర్శరాములు ఎవరైనా చూస్తారేమోనని భయంగా గోడ మీది లెక్కను చేత్తో తుడిపేశాడు.

ఆ భయం ఊరికే రాలేదు. వాళ్ల బాపుకూ ఇంచుమించు ఈ వయసులోనే మొదలైంది. ముందు ముడేసిన దారానికే మళ్లీ ముడేసేవాడు. తర్వాత మెట్‌పల్లిలో చెల్లెలి ఇంటికని బయల్దేరి, పెద్దపల్లి బస్టాండులో రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి అన్నం పెడుతున్న పర్శరాములు మొహం చూసి, నువ్వు ఎవరి పిలగానివి బిడ్డా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదను పర్శరాములు ఈనాటికీ తట్టుకోలేడు.

ఇక ఆయన తనకు తానే పరీక్షలు పెట్టుకోసాగాడు. చాయ్ హోటల్లో గ్లాసు ముందు పెట్టుకుని పదమూడో ఎక్కం చదివేవాడు. మేనత్త పిల్లల పేర్లు పెద్దది మొదలు చిన్నది దాకా అప్పజెప్పుకునేవాడు. నడిమిదాని పేరు దగ్గర ఆగితే ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ పేరు తనకు అసలు ఎప్పుడైనా తెలుసో లేదో కూడా తేలేది కాదు. భార్య కనకవ్వ ఈ గొణుగుడు విని, ఎవరో ఏదో మంత్రం ఉపదేశించారనుకుంది. పోనీలే, కల్లు దుకాణం వైపు పోవడం తగ్గిందని సంతోషించింది కూడా. ఆయన ఆ సంతోషాన్ని చెడగొట్టలేదు.

తర్వాతి భీముకు భయంకొద్దీ ఎక్కువ పోశాడు, బోలెడు నూలు మిగిలి దండగయింది. ఆ సాయంత్రమే హనుమండ్లు దగ్గరికి వెళ్లి, అతనికి కొత్తగా వచ్చిన పండుగ చీరల ఆర్డరుకు వేరే మనిషిని చూసుకొమ్మన్నాడు. నడుం నొప్పి అని చెప్పాడు. తల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. హనుమండ్లు ఎటూ తేల్చకుండా, సోమవారం దాకా చూద్దామన్నాడు. తొందరపడి ఒప్పుకోనందుకు పర్శరాములుకు ఏడుపొచ్చినంత పనైంది. చేతిలో పని పోతే తను ఎవరో తనకే తెలియదు మరి.

ఆదివారం కూతురు మమత వచ్చింది. కరీంనగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, నెలకోసారి ఇల్లు చూసిపోతుంది. కనకవ్వ కూరగాయలు తరుగుతోంది. పర్శరాములు ఏదో మాటల్లో పడి అడిగినట్టుగా ఫోన్ కూతురి చేతిలో పెట్టి, డెబ్బై చీరలకు పడుగెంతో కట్టమన్నాడు. ఆమె ఆరుకు పావు కలిపి, ఈక్వల్ నొక్కి, అప్పుడు డెబ్బైతో గుణించింది. నాలుగు వందల ముప్పై ఏడున్నర. ఆయన ఫోన్ లాక్కుని తన పద్ధతిలో నొక్కాడు. నాలుగు వందల ఇరవైంపావు. మొహం తిప్పుకుని, నాకే గిట్లొస్తుంది బిడ్డా అన్నాడు.

మమత తల్లివైపు ఒకసారి చూసింది. ఆ చూపును పర్శరాములు పట్టించుకోలేదు, జవాబు కోసం చూస్తున్నాడు. తర్వాత మమత ఆయన దగ్గరికి జరిగి, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పాత క్యాలిక్యులేటర్ నువ్వు నొక్కిన వరుసలోనే లెక్క కట్టేది. అప్డేట్ అయ్యాక ఇది బడిలో చెప్పినట్టు గుణకారం ముందు చేస్తుంది, కలపడం తర్వాత. అంటే డెబ్బై చీరలకూ కలిపి ఒక్క పావు మీటరే తరుగు పెడుతోంది. తరుగు కలిపాక ఒకసారి ఈక్వల్ నొక్కి, తర్వాత గుణిస్తే చాలు.

పర్శరాములు అలా చేసి చూశాడు. సుద్దముక్క లెక్క చెక్కుచెదరకుండా వచ్చింది. ఇంకోసారి చేశాడు. యాభై చీరలకు చేశాడు, నూటికి చేశాడు. ఛాతీ మీది నుంచి నూలు మూట దించినట్టు పెద్దగా నిట్టూర్చి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులోనే ఇన్నాళ్ల సంగతంతా కక్కేశాడు. ఎక్కాలు, మేనత్త పిల్లల పేర్లు, నడుం నొప్పి అబద్ధం, తాతకు లాగే తనకూ మతి పోతోందనుకున్నది, అంతా తమాషా ముచ్చటలా చెప్పాడు. ఫోన్ కంపెనీవాడి ఏడు తరాలను వదలకుండా తిట్టాడు. రేపు పొద్దున్నే హనుమండ్లు దగ్గరికి పోయి పండుగ ఆర్డరు తనే చేస్తానని చెప్తానన్నాడు. కనకవ్వ కత్తిపీట పక్కకు పెట్టి వింటోంది గానీ నవ్వడం లేదు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్పద్దా బిడ్డా? పానం తోడేసింది గద," అన్నాడు కూతురితో, ఇంకా నవ్వుతూనే.

మమత ఆయన చేతిలోని ఫోన్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పిన బాపూ. పోయినసారి వచ్చినప్పుడు అప్డేట్ జేసింది నేనే. గీడనే కూసోని, ఈక్వల్ ముందు ఒత్తాలెనని చెప్పి, నీతోని ఒత్తిపిచ్చిన గూడ. సమజైంది అన్నవు."

పర్శరాములు కనకవ్వవైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తలాడించింది. ఆయన ఆ ఆదివారాన్ని వెతికాడు. మమత వచ్చింది తెలుసు. చేపల కూర వండింది తెలుసు. సాయంత్రం బస్సెక్కించి వచ్చింది తెలుసు. మధ్యలో ఫోన్ పట్టుకుని ఇక్కడ కూర్చున్నది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పని పరేషాన్‌లో పడి మర్చిపోయి ఉంటావులే, ఎవరికైనా జరుగుతుంది అంది మమత తొందరతొందరగా. ఆ మాట పట్టుకుంటే సరిపోయేది. అవునవును, ఇప్పుడు గుర్తుకొచ్చింది అనేస్తే అందరూ లేచి భోజనాలకు కూర్చునేవాళ్లు. ఆ మాట పర్శరాములు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్ని రోజులు ఒక్కడే మోసిన బరువు మళ్లీ ఒక్కడే ఎత్తుకోవాలంటే ఇక చేతకాలేదు.

"లేదు బిడ్డా," అన్నాడు. "నాకు యాదికి లేదు."

కనకవ్వ లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.