మిరపకాయల కింద మస్తాన్ బాబాయి పేరు

ఒక్క అక్షరం తప్పు రాయకుండా ఒక మంచి మనిషి శుభకార్యాన్ని ఎలా చెడగొట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. నరసరావుపేటలో ఫ్లెక్సీ డిజైనరుగా చేరిన కొత్తలో ఆ విద్య నాకు ఒక్క పూటలో పట్టుబడింది.

అప్పట్లో నాకో ఫాంటు దొరికింది. లావుపాటి అక్షరాలు, ఒళ్లంతా బీటలు, పెచ్చులూడిన గోడ వాలకం. మోటుగా, మొండిగా కనపడాలని వాటిని కావాలనే అలా చేస్తారు. నేను మనసు పారేసుకున్నాను. దాన్ని ఒక పెళ్లి ఫ్లెక్సీకి వాడబోతే మా ఓనరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఇంతలో మా పక్కింటి మస్తాన్ బాబాయి వచ్చాడు. ఇన్నేళ్లూ ఎవరెవరి షెడ్లలోనో బైకులు బాగుచేసి, చివరికి సొంత షెడ్డు పెట్టుకుంటున్నాడు.

"ఒరేయ్, నా పేరు పెద్దగా పడాల. మొదటిసారి బోర్డెక్కుతున్నా."

గ్రీజు, ఇనుము, సైలెన్సర్ల మోత! నా ఫాంటు పుట్టిందే ఇందుకనిపించింది. పేరు ఎర్రగా కొట్టి, ప్రారంభం రోజు పొద్దున్నే ఫ్లెక్సీ చుట్టను వాళ్లింటి అరుగు మీద పెట్టి పనికి పోయాను.

తీరా షెడ్డు దగ్గరికి వెళ్తే జనం వచ్చారు, రిబ్బను కట్టారు, పైన ఫ్రేము మాత్రం ఖాళీ.

"ఫ్లెక్సీ ఏదిరా?" అన్నాడు బాబాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దున్నే మీ అరుగు మీద పెట్టాగా!"

పక్కనున్న పిన్ని అందుకుంది. "అరుగు మీద పాతదొకటుంటే నేనే తీశా. కొత్తది ఏడుంది?"

"పాతదా? ఎట్టుంది పిన్నీ?"

"కొస విప్పి చూస్తే అక్షరాలన్నీ పెచ్చులూడిపోయినయ్. ఎవరో పారేశారనుకొని, మేడ మీద తిరగేసి పరిచి మిరపకాయలు ఎండబోశా."

పిన్నిని అని లాభం లేదు. మా పల్నాడులో పాత ఫ్లెక్సీకి చావు లేదు. దాని మీద నవ్విన నాయకుడు ఎన్నికల్లో గెలిచినా ఓడినా చివరికి మిరపకాయలు మొయ్యాల్సిందే. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నేను కొత్తదాన్నే రోత చేసి ఇచ్చాను.

పరుగున పోయి కాయలు ఒక మూలకి నెట్టి, ఫ్లెక్సీ లాక్కొచ్చి ఫ్రేముకు బిగించాం. దులిపే తీరిక ఎవరికుంది? పెద్దాయనొకరు కత్తెర పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే గాలి వీచింది. కారం ఘాటు పైనుంచి దిగింది. పెద్దాయన తుమ్మి రిబ్బనుకు బదులు కండువా కత్తిరించారు. జనమంతా ముక్కులు మూసుకుని కళ్లు తుడుచుకుంటున్నారు.

దారినపోయే ఆటోవాలా బండి ఆపాడు. "ఏందయ్యా, షెడ్డు తెరుస్తా ఇట్టా ఏడుస్తున్నారు?"

బాబాయి మాత్రం బోర్డు వంకే చూస్తున్నాడు. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. నాకు ప్రాణం చివుక్కుమంది.

"ఏడుస్తున్నావా బాబాయ్?"

"సగం నా పేరు చూసిరా," అన్నాడు ముక్కు చీదుకుంటూ. "మిగతా సగం మీ పిన్ని మిరపకాయలకి."

ఆ క్షణాన, మూడు తుమ్ముల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఫాంటునైతే వదల్లేదు, అంత త్యాగం నా వల్ల కాదు. కానీ ఈనాటికీ బీటల అక్షరాల ఫ్లెక్సీ ఏది ఇచ్చినా చుట్ట మీద మార్కరుతో రాసి మరీ ఇస్తాను: "ఇది కొత్తది. కాయలు పొయ్యొద్దు."