నవంబరు తొమ్మిది, ఐదో లైను

నాకు రెండు పుట్టినరోజులు. ఒకటి అమ్మ లెక్కది: శ్రావణమాసంలో, తిథి ప్రకారం. రెండోది కాగితాల మీదది. నన్ను బడిలో వేసేటప్పుడు వయసు చాలలేదని హెడ్మాస్టరు తొమ్మిది నెలలు కలిపి నవంబరు తొమ్మిది అని రాసేశారట. అదే పాస్‌పోర్టులోకి ఎక్కింది, అక్కణ్ణుంచి అమెరికాలో, సన్నీవేల్‌లో మా హైస్కూలు రికార్డులోకి ఎక్కింది. మనవాళ్లలో చాలామందికి ఇది మామూలే.

1982లో నేను జర్మన్ క్లాసులో ఉన్నాను. స్పానిష్ తీసుకోమని అందరూ చెప్పారు కాబట్టి జర్మన్ తీసుకున్నాను. మా టీచర్ జర్మనీలో పుట్టి, అమెరికన్ సైనికుణ్ణి పెళ్లాడి ఇక్కడికి వచ్చినావిడ. ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి పుట్టినరోజున వాళ్లు, ఆ తేదీన జర్మన్ మాట్లాడే దేశాల్లో ఏం జరిగిందో, ఎవరు పుట్టారో ఒక షీటు మీద రాసుకొచ్చి చదవాలి, గోడకి అంటించాలి. ఆవిడ ఇంట్లో చేసిన కేకు తెచ్చేవారు. మిగతావాళ్లకి సంగీతకారులూ కవులూ వచ్చారు.

లైబ్రరీలో రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే నాకు ఐదు లైన్లు దొరికాయి. 1848లో వియన్నాలో ఒక ప్రజాప్రతినిధిని కాల్చి చంపారు. 1918లో జర్మనీ చక్రవర్తి గద్దె దిగాడు, రిపబ్లిక్ ప్రకటించారు. 1922లో, ఆ చెదిరిన జుట్టు భౌతికశాస్త్రవేత్తకు నోబెల్ ప్రకటించారు. 1923లో మ్యూనిక్‌లో నాజీల కుట్ర బెడిసికొట్టింది. 1938లో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు, మనుషుల్ని చంపారు.

ముందురోజు టీచర్ షీటు చూసి ఐదో లైను మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. "పుట్టినరోజు కదా, సంతోషంగా ఉండనీ. శాస్త్రవేత్త గురించి ఎక్కువ రాయి," అన్నారు.

"యూదుడైన ఆయన, నాజీలొచ్చాక మళ్లీ ఆ దేశంలో ఎందుకు అడుగుపెట్టలేదో చెప్పకుండా ఆయన గురించి ఏం రాయను?" అన్నాను.

ఆవిడ ముఖం గట్టిపడింది. వేసవిలో జర్మనీ వెళ్లడానికి మా స్కూలు నుంచి ఒక్కరికే అవకాశమని, సిఫార్సు రాసేది తనేనని గుర్తుచేశారు. ఆ ప్రయాణం కోసం నేను ఏడాదిగా కలలు కంటున్నానని ఆవిడకి తెలుసు.

ఇంటికొచ్చి చెబితే నాన్న తేలిగ్గా నవ్వేశారు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకే? నీ అసలు బర్త్‌డే ఆగస్టులో అని చెప్పెయ్. డేట్ చేంజ్ చేసుకో. ప్రాబ్లమ్ సాల్వ్‌డ్."

అది నిజంగానే దారి. అబద్ధం కూడా కాదు. కానీ నాకు ఒళ్లు మండింది.

"స్కూల్లో, పాస్‌పోర్ట్‌లో, అన్నిచోట్లా ఇదే రైట్ అన్నారు కదా నాన్నా! ఇప్పుడు కష్టం రాగానే నాది కాదని ఎలా చెప్తాను?"

అమ్మ చపాతీలు ఒత్తుతూనే అంది, "దానికి చెప్పకండి. మొండివాడు రాజుకన్నా బలవంతుడు."

మర్నాడు కొత్త షీటు రాశాను. ఐదో లైను మిగతా నాలుగింటికన్నా పెద్ద అక్షరాల్లో రాశాను. చివరిదాకా చదివాను. టీచర్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉండిపోయారు. కేకు కోశారు. నేను తినలేదు.

సాయంత్రానికి గోడ మీద నా షీటు లేదు. మళ్లీ రాసి అంటించాను. మళ్లీ తీసేశారు. మూడోసారి అంటించినప్పుడు అది అక్కడే ఉండిపోయింది. వేసవిలో జర్మనీకి వేరే అమ్మాయి వెళ్లింది. ఆ అమ్మాయి పంపిన పోస్టుకార్డు చూసి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఏడ్చాను గానీ, తప్పు చేశానని ఒక్కసారీ అనుకోలేదు.

1989 నవంబరు తొమ్మిదిన బెర్లిన్ గోడ తెరుచుకుంది. నేనప్పుడు సన్నీవేల్‌లోనే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మధ్యాహ్నం ఆఫీసంతా టీవీ ముందు చేరింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఇంతలో ఫోన్ వచ్చింది. మా జర్మన్ టీచర్. అమ్మ దగ్గర నంబరు తీసుకున్నారట.

ఆవిడ ఏడుస్తూ నవ్వుతున్నారు. "చూశావా! ఇకనుంచి నీ రోజు మంచిరోజు. ఇప్పుడు రాయి ఆ షీటు."

"రాస్తాను. ఆరో లైనుగా రాస్తాను. ఐదోది తీసెయ్యను," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపేశారు.

"ఆ రాత్రి మా వీధిలో మందిరం కూడా తగలబెట్టారు," అన్నారు. "నాకప్పుడు ఏడేళ్లు. మా నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని చూపించాడు. నేను చప్పట్లు కొట్టాను."

ఓదార్పు మాట నోటిదాకా వచ్చింది. ఓదార్చలేదు.

"ఆ మాట ఆరోజు క్లాసులో మీరు చెప్పి ఉండాల్సింది టీచర్," అన్నాను.